అంతా గమే ద్రాక్షే అయితే మోర్గోన్‌కు రెండింతల ధర ఎందుకు? బోజొలే వైన్ల గురించి అడిగినవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మాస్టర్స్ చదువుతున్నారు. నవంబర్‌లో క్లాస్‌మేట్స్‌తో కలిసి బోజొలే నూవో (లియాన్ పక్కనున్న బోజొలే ప్రాంతపు కొత్త వైన్) తాగితే అరటిపండు వాసన, పలచటి రసం తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత షాపులో మోర్గోన్, ఫ్లూరీ అని రాసున్న సీసాలు చూపించి ఇవి కూడా బోజొలేనే, ఇదీ అదే గమే ద్రాక్షే అన్నారు. ధర మాత్రం రెండింతలు. అంత డబ్బు పెట్టాలా, తేడా నిజంగా ఉంటుందా, మన వంటలతో ఏది కుదురుతుంది, ద్రాక్ష కోతలకు పనికి వెళ్ళవచ్చా అని మీ సందేహాలు. నేను లియాన్‌లోనే ఒక వైన్ షాపులో పనిచేస్తాను. కోతల కాలంలో ఆ కొండల్లోనే ఉంటాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు జవాబు. తేడా నిజంగానే ఉంది, డబ్బు పెట్టవచ్చు. నూవో ఒక్కటీ తాగి బోజొలే మొత్తానికి మార్కులు వేయకండి. నూవో అంటే సెప్టెంబర్‌లో కోసిన పండు నవంబర్‌కల్లా సీసాలోకి ఎక్కిన వైన్. మోర్గోన్, ఫ్లూరీ లాంటివి క్రూలు, అంటే ఫలానా ఊరి నేల పేరు మీద అమ్ముకునే హక్కు ఉన్న వైన్లు. వీటిని నూవోగా అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ద్రాక్ష ఒకటే గాని వేరు దిగిన రాయి వేరు, తొట్టెలో ఉంచిన రోజులు వేరు, చేసిన మనిషి పద్ధతి వేరు. పదిహేను, ఇరవై యూరోల్లో ఇంత మంచి ఎర్ర వైన్ ఇచ్చే ప్రాంతాలు ఫ్రాన్స్‌లో ఇప్పుడు చాలా తక్కువ. ఇది షాపువాడి మాట కాదు, ఇంట్లో నేను తాగేదీ ఇదే.

మీరున్న చోటి నుంచే మొదలుపెడదాం. లియాన్ దాటి ఉత్తరానికి వెళ్తే విల్‌ఫ్రాంష్ వస్తుంది, అక్కడి నుంచి మాకోన్ ఊరి దగ్గరి దాకా ఈ ప్రాంతం సాగుతుంది. తూర్పున సోన్ నది లోయ, పడమర బోజొలే కొండలు. వాటిలో ఎత్తయినది సాన్-రిగో శిఖరం, సుమారు వెయ్యి మీటర్లు. పడమటి నుంచి వచ్చే తడి గాలిని ఈ కొండలు చాలావరకు ఆపేస్తాయి. తోటలు ఎక్కువగా తూర్పు, దక్షిణ వాలుల మీద ఉంటాయి కాబట్టి పొద్దుటి ఎండ నేరుగా తగులుతుంది. లియాన్‌కు రోన్, సోన్ అని రెండు నదులుంటే మూడో నది బోజొలే అని ఇక్కడ ఒక పాత నానుడి ఉంది. ఊళ్ళో భోజనశాలల్లో దీన్ని అంత ధారాళంగా పోసేవారన్నమాట. ఇప్పటికీ అడుగు దళసరిగా ఉండే 46 సెంటీలీటర్ల గాజు సీసాల్లో తెచ్చి బల్ల మీద పెడతారు. దాన్ని ఇక్కడ ‘పో’ అంటారు.

ఈ ప్రాంతాన్ని మనసులో రెండు ముక్కలుగా చేసుకోండి. దక్షిణాన సున్నపురాయి, బంకమట్టి. అక్కడి ఇళ్ళు కూడా పసుపు రంగు సున్నపురాయితో కట్టినవే, సాయంత్రం ఎండలో బంగారంలా కనిపిస్తాయి. మామూలు ‘బోజొలే’ ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచి, నూవోలో పెద్ద భాగం కూడా ఇక్కడిదే. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ నేల మారిపోతుంది. గ్రానైటు, అది అరిగి రాలిన గరుకు ఇసుక, అక్కడక్కడా పలకరాయి, పాత అగ్నిపర్వత శిలలు. పది క్రూలూ ఈ ఉత్తర భాగంలోనే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న కొన్ని ఊళ్ళకు ‘బోజొలే-విలాజ్’ అని మధ్య మెట్టు. ఇంత చిన్న చోట ఇన్ని రకాల రాళ్ళు ఉన్నందుకే 2018లో యునెస్కో దీన్ని గ్లోబల్ జియోపార్క్‌గా గుర్తించింది.

ఇక గమే. పైతొక్క నలుపు, లోపలి రసం తెలుపు. తొక్క పలచన, గుత్తి ముద్దగా ఉంటుంది, కాపు విపరీతం. ఆ కాపే దాని బలం, దాని జబ్బు కూడా. కొమ్మలు కత్తిరించకుండా వదిలేస్తే మోయలేనంత కాస్తుంది, రసంలో నీళ్ళు తప్ప రుచి ఉండదు. 1395లో బోజొలేకు ఉత్తరాన ఉన్న బర్గండీని ఏలిన డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ ఈ తీగను చెడ్డది, నమ్మకద్రోహి అని తిట్టి, తన నేలల్లో ఉన్నదంతా పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడ పీనో నోవార్ అనే మరో నల్ల ద్రాక్షే ఉండాలని ఆయన పట్టుదల. ఆయన చెప్పింది తన నేల వరకు సబబే అనుకుంటాను. బర్గండీలోని బలమైన సున్నపు బంకమట్టిలో గమే మొరటుగా వస్తుంది. అదే తీగను బోజొలే ఉత్తరాన ఎందుకూ పనికిరాదనిపించే గ్రానైటు ఇసుకలో పెడితే, నేలే దాని దూకుడుకు పగ్గం వేస్తుంది. కాపు తగ్గుతుంది, పండు చిన్నదవుతుంది, సువాసన చిక్కబడుతుంది. ఇంకో ముచ్చట. 1990ల చివర జరిగిన డీఎన్‌ఏ పరీక్షల్లో గమే తల్లిదండ్రులు పీనో, గూయే బ్లాన్ అనే పాత తెల్ల ద్రాక్ష అని తేలింది. షార్డొనే అనే తెల్ల ద్రాక్షకు కూడా వాళ్ళే తల్లిదండ్రులు. డ్యూక్ గారు గెంటేసింది సాక్షాత్తూ పీనో సంతానాన్నే.

మనకు ద్రాక్షతోట అనగానే మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్ళు, తలపైన వేలాడే అనాబ్-ఎ-షాహీ గుత్తులు గుర్తొస్తాయి. ఇక్కడి పాత తోటల్లో పందిరి గానీ తీగ లాగిన కంబీ గానీ ఉండదు. ఒక్కో మొక్క మోకాలెత్తు మొండెంతో, పైన నాలుగైదు చేతులు చాచిన చిన్న పొదలా నిలబడి ఉంటుంది. హెక్టారుకు పదివేల మొక్కల దాకా ఒత్తుగా నాటిన తోటలున్నాయి. గుత్తులు నేలకు జానెడు ఎత్తులో, ఆకుల కింద దాక్కుని ఉంటాయి. వంగి, ఆకులు పక్కకు తీసి, చిన్న కత్తెరతో కాడ దగ్గర తుంచాలి. పెద్ద యంత్రం ఈ వాలుల్లో దిగలేదు. పైగా ఇక్కడి పద్ధతిలో వైన్ చేయాలంటే గుత్తి చెదరకుండా తొట్టెకు చేరాలి. మీరు క్రూకి ఇచ్చే ధరలో ఈ వంగిన నడుముల కూలి చాలా ఉంటుంది. ఈ ఖర్చు భరించలేకే షిరూబ్ల్ లాంటి నిటారు ఊళ్ళలో చాలా తోటలు పీకేశారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, రాయి. పది క్రూల పేర్లు ఉత్తరం నుంచి దక్షిణానికి చెబుతాను, ఇవి గుర్తుంటే చాలు, మిగతాది సులువు: సాంత్-ఆమూర్, జులియెనా, షేనా, ములాన్-ఆ-వాన్, ఫ్లూరీ, షిరూబ్ల్, మోర్గోన్, రేన్యే, కోత్ ద బ్రూయీ, బ్రూయీ. వీటిలో రేన్యేకి మాత్రం 1988లో హోదా వచ్చింది. మిగతావి 1930, 40ల నాటివి. చాలా సీసాల మీద ఊరి పేరు పెద్దగా ఉంటుంది గాని బోజొలే అన్న మాట వెతికినా కనపడదు. మోర్గోన్ అంటే బోజొలే అని మీకు తెలియకపోవడానికి కారణం అదే. మా షాపుకు వచ్చే ఫ్రెంచివాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

ఫ్లూరీతో మొదలుపెట్టండి. గులాబీ రంగు గ్రానైటు, అది పొడిపొడిగా అరిగిన ఇసుక. బూటు కాలితో రాస్తే చెక్కెర పలుకుల్లా రాలుతుంది. నీరు నిలవదు, వేరు లోతుకు దిగాల్సిందే. ఈ నేల నుంచి వచ్చే వైన్‌లో పూల వాసన ముందుంటుంది, వగరు మెత్తగా ఉంటుంది. అక్కడి నుంచి కొండ ఎక్కితే షిరూబ్ల్, పది క్రూల్లో అన్నిటికన్నా ఎత్తున ఉన్నది. రాత్రులు చల్లగా ఉంటాయి, పండు ఆలస్యంగా పండుతుంది, వైన్ తేలిగ్గా, పుల్లపుల్లగా, ఎర్రటి చిన్న పళ్ళ రుచితో ఉంటుంది. వేసవులు మండిపోతున్న ఈ రోజుల్లో ఆ ఎత్తే దానికి వరం అయింది. ఫైలోక్సెరా పురుగు ఫ్రాన్స్ తోటల్ని తినేస్తున్న రోజుల్లో, ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఇక్కడి తీగను అంటు కట్టాలని ఊరూరా తిరిగి నేర్పిన విక్టర్ పుల్యా ఈ ఊరివాడే. ఆయన విగ్రహం చర్చి ముందు ఉంది, వెళ్ళినప్పుడు చూడండి.

మోర్గోన్ వేరే లోకం. ఆ ఊరి నడుమ కోత్ దు పీ అని ఒక గుట్ట ఉంది. అక్కడ గ్రానైటు కాదు, ముదురు రంగు పాత శిల. పైపైన కుళ్ళినట్టు పెళుసుగా, వేలితో విరిచేంతగా ఉంటుంది. లోపల ఇనుము తుప్పు రంగు చారలు. ఈ గుట్ట మీది వైన్ మొదటి ఏడాది మూతి బిగించుకుని ఉంటుంది. నాలుగైదేళ్ళు ఆగితే నల్ల చెర్రీ, తడిమట్టి, ఒక్కోసారి పీనో నోవార్ అని పొరబడేంత లోతు వస్తుంది. మీరు రెండింతల ధర అన్న సీసా బహుశా ఇలాంటిదే. అలాంటిదాన్ని కొన్న సాయంత్రమే తెరిస్తే సగం డబ్బు వృథా. ఇలాంటివి తొందరగా తెరిచి, ఏముంది ఇందులో అని షాపుకొచ్చి అడిగేవాళ్ళను చాలామందిని చూశాను.

ములాన్-ఆ-వాన్‌కు పేరు వచ్చింది గుట్ట మీది పాత గాలిమర నుంచి. ఇది పదింటిలో గట్టి వైన్. రంగు చిక్కన, వగరు ఎక్కువ, పదేళ్ళు నిలబడగలదు. ఇక్కడ గ్రానైటులో మాంగనీసు ఉంది. పక్కనే ఉన్న రోమనేష్ ఊళ్ళో 19వ శతాబ్దంలో మాంగనీసు గనులు తవ్వారు, రోమనేషైట్ అనే ఖనిజానికి పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. మాంగనీసు ఎక్కువైన చోట తీగ అంతగా ఏపుగా పెరగదు, కాపు తగ్గి రసం చిక్కబడుతుందని అక్కడి రైతులు చెబుతారు. రాయికీ రుచికీ మధ్య ఇలాంటి నేరు లంకె కట్టడంలో నేను కొంచెం జాగ్రత్తగానే ఉంటాను. నేల ఎంత లోతు, నీరు ఎంత పట్టి ఉంచుతుంది, ఎండ ఏ వైపు నుంచి పడుతుంది అన్నవి అంతకన్నా గట్టి కారణాలని నా నమ్మకం.

అదే రోమనేష్‌లో 19వ శతాబ్దంలో ఒక గొంగళిపురుగు తోటల్ని తినేసింది. బెన్వా రక్లే అనే ఆయన ఇంటి గోడ పక్కన ఒక తీగ మాత్రం పచ్చగా నిలిచింది. చూస్తే, ఇంట్లోవాళ్ళు గిన్నెలు కడిగిన వేడినీళ్ళు పారబోసేది దాని మొదట్లోనే. బెరడు కింద చలికాలం దాక్కున్న పురుగులు ఆ వేడికి చచ్చాయి. అప్పటి నుంచి చలికాలంలో ప్రతి మొక్కకూ మరుగునీళ్ళు పోసే పద్ధతి మొదలై, చాలా ప్రాంతాలకు పాకింది. మొదట్లో నవ్విన ఊరే ఆయనకు విగ్రహం కట్టింది. ఇప్పటికీ అక్టోబర్ చివర ఆయన పేరు మీద పండగ చేసి కొత్త వైన్ రుచి చూస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కోత్ ద బ్రూయీ అంటే బ్రూయీ కొండ వాలులు మాత్రమే. అక్కడ నీలం ఛాయ ఉన్న గట్టి రాయి, వైన్ నిటారుగా, మిరియపు వాసనతో ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కొండ కింద చుట్టూ పరుచుకున్నది బ్రూయీ. పదింటిలో పెద్దది, కాబట్టి మంచీ చెడూ రెండూ దొరుకుతాయి. జులియెనా కాస్త మసాలా ఘాటుతో కండగా ఉంటుంది. షేనా చిన్న ఊరు, తక్కువ వైన్, గట్టిదనంలో ములాన్-ఆ-వాన్‌కు దగ్గర. పేరు తెలియక జనం అడగరు కాబట్టి ధర తక్కువ. మీలాంటి స్టూడెంట్ బడ్జెట్‌కు నేను చెప్పే రహస్యం ఏదైనా ఉంటే అది షేనా. రేన్యే తేలికైనది. సాంత్-ఆమూర్ పేరులో ప్రేమ ఉంది కాబట్టి ఫిబ్రవరి 14కి ధర పెరుగుతుంది, ఆ వారం కొనకండి.

అరటిపండు వాసన సంగతి. అది గమే తప్పు కాదు. అది తొట్టెలో పుట్టింది. మామూలుగా ఎర్ర వైన్‌కు పళ్ళు కాడల నుంచి రాల్చి, చిదిపి, ఆ రసాన్ని పులియబెడతారు. ఇక్కడ గుత్తులకు గుత్తులే తొట్టెలోకి దించుతారు. పై బరువుకు అడుగున ఉన్నవి నలిగి రసం ఊరుతుంది, ఈస్ట్ పని మొదలుపెడుతుంది, దాంతో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ తొట్టెను నింపేస్తుంది. గాలి ఆడని ఆ చోట, పైనున్న చిదగని పండు తన లోపల తానే పులియడం మొదలుపెడుతుంది. ఈస్ట్ తాకకుండానే పండు లోపల కొంచెం ఆల్కహాల్ పుడుతుంది, పులుపు కొంత విరుగుతుంది, కొత్త వాసనలు వస్తాయి. నాలుగైదు రోజుల తర్వాత తొట్టె పైనుంచి ఒక గుత్తి తీసి చూడండి. తొక్క రంగు లోపలికి దిగి, తెల్లగా ఉండాల్సిన గుజ్జు గులాబీగా మారి ఉంటుంది. పంటి కింద నొక్కితే నాలుక మీద సోడాలా చురుక్కుమంటుంది. ఆ రుచి ఒక్కసారి చూస్తే ఈ ప్రాంతం వైన్ అంత పళ్ళవాసన ఎందుకు వేస్తుందో ఇట్టే అర్థమవుతుంది.

అయితే నూవో చేసేటప్పుడు ఈ దశ నాలుగైదు రోజుల్లోనే ముగించి, పిండేసి, వేగంగా సీసాలకు సిద్ధం చేస్తారు. కొందరు పండును ముందే వేడి చేసి రంగు లాగుతారు. కొందరు అరటి, బబుల్‌గమ్ వాసన ఎక్కువ పుట్టించే ఈస్ట్ కొని వేస్తారు. మీరు తాగింది ఆ బాపతు అయ్యుంటుంది. క్రూల్లో చాలామంది అదే గుత్తుల పద్ధతి వాడినా పది, పదిహేను రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంచుతారు. కొందరు బర్గండీ పద్ధతిలో కాడలు తీసేసి, తర్వాత చెక్క పీపాల్లో పెడతారు. ములాన్-ఆ-వాన్‌లో ఇది ఎక్కువ. అందుకే ఒకే ఊరి పేరున్న రెండు సీసాలు కూడా అన్నదమ్ముల్లా ఉండకపోవచ్చు. ఊరి పేరు చూశాక చేసినవారి పేరు కూడా చూడాలనేది అందుకే.

నూవోను నేను తీసిపారేయను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త వైన్ అమ్మకం డిసెంబర్ 15 దాకా ఆపమని నిబంధన ఉండేది. 1951 నవంబర్ 13న పన్నుల శాఖ దాన్ని సడలించడంతో అధికారికంగా ఇది మొదలైంది. 1985 నుంచి నవంబర్ మూడో గురువారం అని తేదీ ఖాయం చేశారు. జార్జ్ దుబూఫ్ లాంటి వ్యాపారులు దాన్ని ప్రపంచానికి చేర్చారు, జపాన్ పెద్ద మార్కెట్ అయింది. రైతుకు కోత అయిన రెండు నెలలకే చేతిలో డబ్బు పడటం చిన్న విషయం కాదు. నష్టం ఏమిటంటే, నూవో పేరే బోజొలే పేరు అయిపోయింది. కొందరు నూవో కోసమే పండించారు, ఎక్కువ పండించారు, రుచి తగ్గింది. రెండువేల సంవత్సరం తర్వాత అమ్మకాలు పడిపోయి తోటలు పీకాల్సి వచ్చింది. ఇప్పటికీ బాధ్యతగా చేసే చిన్న రైతు నూవో బాగుంటుంది. వచ్చే నవంబర్‌లో సూపర్‌మార్కెట్ అరలోది కాకుండా, ఒక రైతు పేరున్న ‘బోజొలే-విలాజ్ నూవో’ అడిగి చూడండి.

నూవో ఊపు మీదున్న కాలంలోనే ఇక్కడ కొందరు వేరే దారి పట్టారు. జూల్ షోవే వైన్ వ్యాపారి, రసాయనశాస్త్రం తెలిసినవాడు, ముక్కు గొప్పది. పండు మీద సహజంగా ఉండే ఈస్ట్ చాలు, వైన్ పాడవకుండా వేసే గంధకం వీలైనంత తక్కువ, పంచదార కలపక్కర్లేదు అన్నది ఆయన పనిలో సారం. మోర్గోన్ తోటలున్న విల్యే-మోర్గోన్ ఊళ్ళో మార్సెల్ లపియేర్, ఆయనతో పాటు జాన్ ఫొయార్, గీ బ్రెతోన్, జాన్-పోల్ తెవెనే ఆ దారిలో నడిచారు. ఇవాళ పారిస్‌లో, టోక్యోలో ‘నేచురల్ వైన్’ అని వినపడుతున్న మాటకు మూలాల్లో ఒకటి ఈ ఊరు. లపియేర్ 2010లో పోయారు, పిల్లలు నడుపుతున్నారు. అయితే ఒక హెచ్చరిక. గంధకం వేయని సీసా వేడికి తట్టుకోదు. వేసవిలో మీ హాస్టల్ గదిలో బీరువా మీద పెట్టి మరిచిపోతే పాడవుతుంది. సెలవులకు ఇండియాకు తీసుకెళ్ళడానికైతే అస్సలు వద్దు. గట్టి ములాన్-ఆ-వాన్ తీసుకెళ్ళండి.

వాతావరణం గురించి రెండు మాటలు, ఎందుకంటే సీసా మీది ఏడాది చూడటం దీంతోనే వస్తుంది. గమే తొందరగా చిగురిస్తుంది, ఏప్రిల్‌లో మంచు కురిస్తే ఆ చిగురు మాడిపోతుంది. అదృష్టం ఏమిటంటే రెండో మొగ్గ నుంచి కూడా అది కొంత కాస్తుంది. జూన్, జులైలో భయం వడగళ్ళది. 2016లోనూ 2017లోనూ వరసగా ఫ్లూరీ వైపు వడగళ్ళు పడ్డాయి. పావుగంటలో ఏడాది పంట పోయిన తోటలో నిలబడ్డ రైతు ముఖం చూడలేం. మరోవైపు వేడి. 2003లో ఆగస్టు మధ్యకే కోతలు మొదలయ్యాయి, అప్పట్లో అది నమ్మలేని విషయం. ఇప్పుడు ఆగస్టు చివర కోత మామూలైపోయింది. 2018, 2020, 2022 వేడి ఏడాదులు: రంగు నలుపు, ఆల్కహాల్ పద్నాలుగు దాకా, కొన్ని వైన్లు బరువనిపిస్తాయి. 2021 చల్లని, తడి ఏడాది, మంచు దెబ్బ కూడా తిన్నది. వైన్ తక్కువ, పలచన, పులుపు. మంచి రైతు చేసిన 2021 అంటే నాకు ఇష్టం, పాతకాలపు బోజొలే అలాగే ఉండేది. వేడి ఏడాదైతే షిరూబ్ల్ వంటి ఎత్తైన ఊరు, చల్లని ఏడాదైతే దక్షిణపు ఎండ బాగా పడే మోర్గోన్, ములాన్-ఆ-వాన్ అని నా లెక్క.

కొనేటప్పుడు సీసా మీద ‘మీ ఆన్ బుతేయ్ ఓ దొమేన్’ అని ఉందా చూడండి, అంటే పండించినవాళ్ళే సీసాకెత్తారని. అది లేనంత మాత్రాన చెడ్డదని కాదు, మంచి వ్యాపారులున్నారు, కానీ కొత్తవారికి అది నమ్మకమైన గుర్తు. ఊరి పేరు కింద కోత్ దు పీ లాంటి పొలం పేరు ఉంటే ఆ ఒక్క చోటి పండు అని అర్థం. ఫ్లూరీ వాళ్ళు ఇలాంటి కొన్ని పొలాలకు ‘ప్రెమియే క్రూ’ అనే పై మెట్టు హోదా కావాలని దరఖాస్తు పెట్టుకున్నారు. అది వస్తే ధరలు పెరుగుతాయి, కాబట్టి నేర్చుకోవాలంటే ఇదే సమయం. మొదటిసారికి ఒక పని చేయండి: ఒకే రైతువి, ఒకే ఏడాదివి ఒక ఫ్లూరీ, ఒక మోర్గోన్ కొని, నలుగురు కలిసి పక్కపక్కన రెండు గ్లాసుల్లో పోసుకోండి. నేను ఇక్కడ ఎంత రాసినా రాని తేడా అరగంటలో తెలిసిపోతుంది.

తాగే ముందు చల్లబరచాలి, ఇది చాలామంది వదిలేసే విషయం. ఎర్ర వైన్ గది వేడిలోనే తాగాలన్న మాట గమేకు వర్తించదు. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి పన్నెండు, పద్నాలుగు డిగ్రీల దగ్గర తీయండి. గట్టి మోర్గోన్, ములాన్-ఆ-వాన్‌లకు ఇంకాస్త తక్కువ సేపు చాలు.

ఇక మన వంట. కారం ఎక్కువైతే నోట్లో ఆల్కహాల్ మంట పెరుగుతుంది, వగరు మొరటవుతుంది. అందుకే మన కూరలతో బోర్దో లాంటి వగరు వైన్లు బెడిసికొడతాయి. గమేలో వగరు తక్కువ, చల్లగా తాగవచ్చు, కాబట్టి ఎర్ర వైన్లలో మనకు దగ్గరగా వచ్చేది ఇదే. కోడి వేపుడు, మిరియాల కోడితో ఫ్లూరీ గానీ బోజొలే-విలాజ్ గానీ హాయిగా పోతాయి. బిర్యానీకి జులియెనా నాకు బాగా కుదిరింది, మసాలాకు మసాలా తోడవుతుంది. గోంగూర మాంసం తిన్నప్పుడు ఆ పులుపు ముందు మెత్తటి వైన్ చప్పబడిపోతుంది, దానికి పులుపున్న షిరూబ్ల్ నిలబడుతుంది. పీపాలో పెట్టినది మాత్రం వద్దు. ముద్దపప్పు, నెయ్యి, వడియాలతో చల్లటి విలాజ్ ఒక గ్లాసు ఎవరూ ఊహించని జోడీ. చేపల పులుసుకు, ఆవకాయకు నేను ఏ వైన్ తీయను. ఆ రోజు మజ్జిగే. ఇక్కడి తిండిలోనైతే సాసేజీ ముక్కలు, చీజు, రొట్టె, ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

కోతల పని గురించి. వీలవుతుంది. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 964 గంటల దాకా పని చేయవచ్చు, కోతల గంటలు అందులోకే వస్తాయి. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉంటే ముందే లెక్క చూసుకోండి. ప్రభుత్వ ఉద్యోగాల సంస్థ ఫ్రాన్స్ ట్రావాయ్ వెబ్‌సైటులో జులై నుంచే ప్రకటనలు వస్తాయి. రాతపూర్వక కాంట్రాక్ట్ లేనిదే పొలంలో దిగవద్దు. పడుకోను చోటు ఇస్తారా, భోజనం పెడతారా, లేక రోజూ మీరే వెళ్ళి రావాలా అన్నది ముందే అడగండి, అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పొద్దున మంచుకు చేతులు కొంకర్లు పోతాయి, మధ్యాహ్నం ఎండకు మాడు పగులుతుంది. టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, మోకాళ్ళు నానినా ఫర్వాలేదనిపించే ప్యాంటు ఉండాలి. మూడో రోజుకు నడుము నొప్పి తారస్థాయికి వెళ్తుంది, దాన్ని దాటితే మిగతావి గడిచిపోతాయి. ఒక కంట కత్తెర చూసుకోండి, కొత్తవాళ్ళు ఎక్కువగా కోసుకునేది ఎడమచేతి వేళ్ళే.

పని కాకుండా ఊరికే చూడాలంటే లియాన్ నుంచి మాకోన్ వెళ్ళే ప్యాసింజర్ రైలు ఎక్కి బెల్‌విల్‌లో గానీ రోమనేష్-తోరాన్‌లో గానీ దిగండి. రోమనేష్ నుంచి గాలిమర దాకా నడిచిపోవచ్చు. అక్కడ నిలబడితే ఒకవైపు సోన్ లోయ, ఇంకోవైపు ఫ్లూరీ కొండ మీది చిన్న చర్చి కనిపిస్తాయి. రైతుల దగ్గరికి వెళ్ళేముందు ఫోన్ చేయడం తప్పనిసరి. చాలామందికి షాపు ఉండదు, తోటలో ఉంటారు, పన్నెండు నుంచి రెండు దాకా భోజనాల వేళ తలుపు కొట్టకూడదు. రుచి చూపించినందుకు చాలామంది డబ్బు అడగరు, వెళ్ళేటప్పుడు ఒకటి రెండు సీసాలు కొనడం అక్కడి మర్యాద. కోతల వారాల్లో మాత్రం చూడ్డానికి వెళ్ళకండి, ఆ రోజుల్లో వాళ్ళకు ఊపిరాడదు. మే, జూన్ నెలలైతే తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు.